స్మృతి నగర్ మీద ఎర్ర గుర్తు

పొద్దు వాలేలోగా కోపం దించుకోవాలని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. ఆదివారం బడిలో పిల్లలకు ఇప్పటికీ అదే చెబుతున్నదాన్ని. ఈ కోపం మీద ఎన్ని పొద్దులు వాలాయో నాకే తెలియదు. నేను దించుకోలేదు. దించుకోవడం ఇష్టం లేకనే ఇది రాస్తున్నాను.

మాది భిలాయిలో ఒక తెలుగు క్రైస్తవ సంఘం. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి ఉక్కు ప్లాంటు పనికి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, ఇప్పుడు ఆ పిల్లల పిల్లలు. పెద్దవాళ్లు పుస్తకం చూడకుండానే పాటలు పాడతారు. పిల్లలకు తెలుగు చదవడం రాదు కనుక అవే పాటలు తెర మీద హిందీ అక్షరాల్లో వేస్తాం. సెక్టర్ 2 క్వార్టర్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి నేను ఆ మందిరానికే వెళ్తున్నాను.

గుమ్మం దగ్గర ప్రార్థన మనవుల పెట్టె ఉండేది. చీటీ రాసి వేస్తే బుధవారం కూటంలో చదివి ప్రార్థన చేసేవారు. ఒంట్లో బాగోలేదనో, పిల్లల పరీక్షలనో రాసేవారు తప్ప అంతకు మించి ఎవరూ రాసేవారు కాదు. ఎవరి చేతిరాత ఎవరిదో అందరికీ తెలుసు మరి. సంఘానికి వెబ్‌సైటు పెట్టినప్పుడు నేను పట్టుబట్టి అందులో మనవుల కోసం ఒక పేజీ పెట్టించాను. అది పేరు అడగదు, ఫోను నంబరు అడగదు. పైన ఉండే వాక్యం కూడా నేనే రాసిచ్చాను: "పేరు రాయనక్కర్లేదు. మీరెవరో దేవునికి తెలుసు, అది చాలు." సంఘ పెద్దలు చదివి బాగుందన్నారు. మా పెద్దాయన, అంటే పెద్దలందరికీ పెద్ద, ప్లాంటులో ఆఫీసరుగా రిటైరైనవాడు, ఆ వాక్యాన్ని వేదిక మీద నుంచి చదివి వినిపించాడు కూడా. అందరి ముందు చదివి వినిపించాక అది నా వాక్యం కాదు, సంఘం ఇచ్చిన మాట.

ఆ పేజీకి ఒకరోజు ఒక మనవి వచ్చింది. నేను తర్వాత చూశాను. అందులో ఉన్నది ఇంతే: "ప్రతి నెలా ప్రభువు బల్లలో రొట్టె తీసుకుంటున్నాను. లోపల ఏమీ లేదు. నమ్మకం పోయి చాలా కాలమైంది. ఇంట్లో చెప్పలేను, సంఘంలో చెప్పలేను. నా కోసం ప్రార్థన చేయండి."

బుధవారం కూటంలో ఆ మనవి చదవలేదు. పెద్దాయన దాన్ని పక్కన పెట్టాడు. ప్రభువు బల్ల అంటే నెలకోసారి యేసు మరణాన్ని తలుచుకుని రొట్టె పంచుకునే ఆరాధన. అయోగ్యంగా బల్లలో చెయ్యి వేసినవాళ్లు తమ మీదకు తీర్పు తెచ్చుకుంటారని లేఖనంలో ఉంది, నిజమే. కాబట్టి ఆ మనిషెవరో కనిపెట్టి ఆపడం పెద్దల బాధ్యత అని ఆయన తేల్చుకున్నాడు. అదే లేఖనం, అదే చోట, ఎవరిని వారే పరీక్షించుకోమంటుంది. పక్కవాళ్లను పరీక్షించమని ఎక్కడా లేదు. నేను ఆ భాగాన్ని పిల్లలకు కంఠతా పట్టిస్తాను. ఆయనకు తెలియదని అనుకోను.

మా వెబ్‌సైటు చూసేది ప్లాంటులోనే కంప్యూటర్ల విభాగంలో పనిచేసే ఒక ఇంజనీరు. నన్ను అక్కా అని పిలుస్తాడు. నెట్‌లోకి వెళ్లే ప్రతి ఫోనుకూ ఒక అంకెల చిరునామా ఉంటుంది, ఐపీ అడ్రస్ అంటారు. పేజీలో మనవి పంపినప్పుడల్లా ఆ అంకెలు కూడా వెనకాల నమోదవుతాయి. ఆ సంగతి మనవి రాసేవాళ్లకు మేమెవరం చెప్పలేదు. నాకు తెలియనే తెలియదు. పెద్దాయన అడగగానే అతను ఆ అంకెలు తీశాడు. ఏ అంకెలు ఎక్కడివో చెప్పే సైట్లు నెట్‌లో ఊరికే దొరుకుతాయి. ఒకదాంట్లో వేశాడు. పటం తెరుచుకుంది. ఎర్ర గుర్తు స్మృతి నగర్‌లో, ఒక పార్కు పక్క సందు మీద పడింది.

ఆ సందులో మా సంఘం వాళ్ల ఇల్లు ఒక్కటే. పిన్ని ఇల్లు.

రక్త సంబంధం లేదు గానీ సంఘంలో సగం మందికి ఆవిడ పిన్నే. ఏడాది కిందట భర్త పోయాడు. ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది. అయినా పోయాడు. పెద్దలకు లెక్క కుదిరిపోయింది: భర్త పోయాడు, నమ్మకం పోయింది, గుర్తు ఆ సందులోనే పడింది. పిన్నికి ఫోనులో రాయడం రాదు కదా అని ఎవరో అంటే, ఇప్పుడు నోటితో చెబితే ఫోనే రాస్తుందన్నారట.

ఒక సాయంత్రం పెద్దాయన, ఇంజనీరు కలిసి పిన్ని ఇంటికి వెళ్లారు. అక్కడ జరిగింది తర్వాత పిన్నే నాకు చెప్పింది.

"టీ పెట్టేను. తాగలేదు. ఫోను తీసి బొమ్మ సూపించేరు. ఇది నీ ఇల్లే గదా అన్నారు. అవును బాబూ, ఇల్లు నాదే, ఆ ఎర్రదేటి అన్నాను. నువ్వు నెట్‌లో ఏటైనా రాసేవా అన్నారు. నాకు రాయడమే రాదు బాబూ అన్నాను. పోనీ, నీ మనసులో ఎప్పుడైనా సందేహం వచ్చిందా, దేవుడెదర సెప్పు అన్నారు."

"నువ్వేమన్నావు?"

"దేవుడెదర అన్నాక అబద్ధం ఎలాగ ఆడతాను? వచ్చింది అన్నాను. మీ చిన్నాన్న పోయిన్నాడు వచ్చింది. ఇంత మందిమి అడిగితే ఇనలేదే, ఉన్నాడా లేడా అనుకున్నాను. అదే సెప్పేను."

వాళ్లకు అదే చాలింది. మా సంఘంలో చిన్నప్పటి నుంచి నేర్పేది ఒప్పుకోవడం. ఏ పాపమైనా, ఏ సందేహమైనా దాచకుండా పెద్దల ముందు ఒప్పుకుంటే ప్రార్థన చేసి ఓదారుస్తారు. అలాంటి చోట పెరిగిన మనిషిని పట్టుకుని, దేవుడి ఎదుట చెప్పమని అడిగి, ఆవిడ చెప్పిన నిజాన్ని నేరం ఒప్పుకున్నట్టు రాసుకుని లేచి వచ్చారు. ఈ పని పోలీసు ఠాణాలో జరిగితే నాకు ఆశ్చర్యం ఉండేది కాదు.

ఆ నెల బల్ల ఆదివారం నాడు రొట్టె పంచే ముందు పెద్దాయన లేచి నిలబడ్డాడు. పిన్ని పేరు చెప్పాడు. కొంతకాలం ఆవిడ బల్లకు దూరంగా ఉంటారని, ఆవిడ విశ్వాసం కోసం అందరూ ప్రార్థించాలని అన్నాడు. అంత మెత్తగా అన్నాడు, వినేవాళ్లకు అదేదో దయలా అనిపించేలా.

మాకు రొట్టె పళ్లెం చేతుల మీదుగా వెళ్తుంది. ఒకరు తీసుకుని పక్కవాళ్లకు అందిస్తారు. నేను పిన్ని వెనక బెంచీలో ఉన్నాను. ఆవిడకు చెముడు లేదు, తన పేరు వినబడింది. అయినా పళ్లెం దగ్గరకు రాగానే ఎన్నో ఏళ్ల అలవాటు కొద్దీ చెయ్యి లేచింది. పక్కనున్న ఆవిడ పళ్లెం కాస్త పైకెత్తి, పిన్ని చేతి మీదుగా అవతలి మనిషికి అందించింది. లేచిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత ముసుగు సర్దుకోవడానికి లేపినట్టు తల మీదకు వెళ్లింది.

నేను చాలామంది ప్రాణం పోయేటప్పుడు పక్కన కూర్చున్నాను. అలాంటి కదలిక చూడలేదు.

ఆరాధన అయ్యాక పెద్దల గదిలోకి వెళ్లాను. పెద్దాయన, ఇంజనీరు, ఈ మధ్యనే వచ్చిన కుర్ర పాస్టరుగారు ఉన్నారు. పాస్టరుగారిని మేం అయ్యగారూ అంటాం.

"పేరు రాయనక్కర్లేదని రాసి, పేరు వెతికారేంటి?" అని అడిగాను.

"సిస్టర్, మీరు సెంటిమెంట్‌గా ఆలోచిస్తున్నారు," అన్నాడు పెద్దాయన. "మేం పేరు అడిగామా? అడగలేదు. లొకేషన్ చూశాం. అంతే. మషీన్ అబద్ధం చెప్పదు."

"అక్కా, ఇది డోర్ నంబరు లాంటిది," అన్నాడు ఇంజనీరు. "నంబరు ఉంటే ఇల్లు తెలుస్తుంది."

"ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషి అనకూడదని కదా మన లేఖనం. ఇద్దరు ముగ్గురు ఉండాలి కదా. మీ రెండో సాక్షి ఎవరు?"

"ఆమె ఒప్పుకుంది కదా."

"ఏం ఒప్పుకుంది? రాశానని ఒప్పుకుందా?"

అయ్యగారు బల్ల మీద గుడ్డ మడత పెడుతున్నారు, ఒకసారి మడిచినదాన్నే మళ్లీ విప్పి మడిచారు. "మీరు పిల్లల క్లాసు చూసుకోండి సిస్టర్," అన్నాడు పెద్దాయన. "ఇవి పెద్దల విషయాలు."

ఇంటికొచ్చి పొయ్యి మీద పప్పు పెట్టి, అది ఉడికే లోపల ఆ సైటేదో నేనూ చూద్దామని ఫోనులో తెరిచాను. దానికి మనం అంకెలు ఇవ్వక్కర్లేదు. తెరవగానే మీరు ఇక్కడ ఉన్నారని తనే చూపిస్తుంది. చూపించింది. స్మృతి నగర్. పార్కు పక్క సందు. పిన్ని ఇంటి మీద ఎర్ర గుర్తు.

నేను సెక్టర్ 2లో నా వంటింట్లో నిలబడి ఉన్నాను. కుక్కరు కూత వేస్తోంది.

మళ్లీ తెరిచాను. మళ్లీ అదే సందు. అంకెల్లో చివరివి కొంచెం మారాయి గానీ గుర్తు మాత్రం అక్కడే పడింది. పెరట్లోకి వెళ్లి చూశాను, మార్కెట్టుకు వెళ్లి కూరగాయల బండి దగ్గర నిలబడి చూశాను. ఎక్కడున్నా నేను పిన్ని ఇంట్లోనే ఉన్నాను. మా ఆయన షిఫ్టు నుంచి రాగానే ఆయన ఫోను లాక్కుని అందులో చూశాను. ఆయనది వేరే కంపెనీ సిమ్. అందులో గుర్తు రాయపూర్ దారిలో ఉన్న కుమ్హారిలో పడింది.

"ప్లాంటులో డ్యూటీ చేస్తున్నానని ఇన్నాళ్లూ నువ్వు నమ్మీసేవు," అన్నాడాయన బూట్లు విప్పుతూ. "సూసేవా, నాను కుమ్హారిలో తిరుగుతున్నాను."

"నవ్వకు. ఈ గుర్తు చూసే పిన్నిని బల్ల నుంచి తీసేశారు."

ఆయన నవ్వు ఆగిపోయింది. "అంటే మన ఫోన్లో రాసినా పిన్ని ఇల్లే సూపిస్తాదా?"

"నా ఫోన్లో ఎవరు రాసినా."

తర్వాత అడిగి తెలుసుకున్నాను. ఫోను కంపెనీలు వేలకొద్దీ ఫోన్లను కొద్దిపాటి అంకెల చిరునామాల వెనక కలిపి నడుపుతాయట. ఏ ఫోను ఏ ఇంట్లో ఉందో ఆ సైటుకు తెలియదు. ఈ అంకెలు ఈ ఊరి వైపువని తెలిస్తే, ఎక్కడో ఒక చోట గుర్తు పెట్టాలి కనుక పెడుతుంది. అది ఒక అంచనా. ఆ అంచనా పిన్ని ఇంటి మీద పడింది. పక్క వీధి మీద పడి ఉంటే అక్కడ మా సంఘం వాళ్లెవరూ లేరు, ఎవరి చెయ్యీ గాల్లో ఆగేది కాదు.

ఇదంతా తెలియనందుకు నాకు కోపం లేదు. నాకూ తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు పట్టుకుని ఒక ముసలావిడ నోటి ముందు నుంచి రొట్టె లాక్కున్నందుకు కోపం. పెద్దాయన ఆ సైటును తన ఫోనులో ఒక్కసారి తెరిచి చూసుకుని ఉంటే చాలు. తనెక్కడ ఉన్నాడని చెబుతుందో చూద్దామన్న ఆలోచనే ఆయనకు రాలేదు. తనను తాను పరీక్షించుకోవడమంటే అంతకంటే సులభంగా ఎలా ఉంటుంది?

బుధవారం కూటానికి ముందు మళ్లీ ఆ గదిలోకి వెళ్లి ముగ్గురినీ ఫోన్లు తీయమన్నాను. ఇంజనీరుకు నా ముఖం చూడగానే అర్థమైనట్టుంది, ముందు అతనే తీశాడు. అయ్యగారి ఫోను ఆయన రాయపూర్‌లో ఉన్నారంది. ఇంజనీరుది కుమ్హారి అంది. పెద్దాయన ఇష్టం లేకుండానే తెరిచాడు. ఎర్ర గుర్తు పిన్ని ఇంటి మీద పడింది.

ఆయన ఫోనును దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"మనవి మీరే రాశారా సార్?" అన్నాను. సంఘంలో ఎవరినీ సార్ అనం.

"అక్కా, గలతీ నాదే," అన్నాడు ఇంజనీరు. "మొబైల్ డేటాకి ఇలా అవుతుందని నాకు తట్టి ఉండాల్సింది. నేను పిన్నికి చెప్తాను."

పెద్దాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సరే, టెక్నికల్ మిస్టేక్ జరిగింది," అన్నాడు. "అయితే రాసినవాడు ఇంకా మన మధ్యే ఉన్నాడన్నమాట. కంపెనీ దగ్గర కరెక్ట్ రికార్డు ఉంటుందా?"

నేను విన్నది నిజమేనా అని ఇంజనీరు వైపు చూశాను. అతను నేల చూశాడు. "ఉండొచ్చు. కానీ పోలీసులు అడిగితేనే ఇస్తారు."

"దుర్గ్ ఎస్పీ ఆఫీసులో నాకు తెలిసినవాళ్లున్నారు."

నేను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదేమో. "ఒక మనిషి మునిగిపోతున్నాను, చెయ్యి ఇవ్వండి అన్నాడు," అన్నాను. "మీరు ఆ చేతి వేలిముద్రలు తీస్తున్నారు. పోలీసులకు ఏమని చెబుతారు? మా సంఘంలో ఎవరో ప్రార్థన చేయమన్నారు, పట్టుకోండి అని చెబుతారా? పదండి, నేనూ వస్తాను. వాళ్లు నవ్వుతుంటే చూడాలి."

అంతవరకూ నోరెత్తని అయ్యగారు అప్పుడు అన్నారు, "ఆ అంకెలు తుడిచేయండి బ్రదర్. ఇప్పుడే." ఇంజనీరు అక్కడే కూర్చుని తుడిచేశాడు. పెద్దాయన ఆపలేదు, ఒప్పుకోనూ లేదు. లేచి కూటంలోకి వెళ్లిపోయాడు.

పిన్ని పేరు మైకులో చెప్పి దూరం పెట్టారు కనుక మైకులోనే పేరు చెప్పి దగ్గరకు పిలవాలని కూటం అయ్యాక పెద్దాయనను అడిగాను. వచ్చే ఆదివారం చెబుతానన్నాడు. చెప్పాడు. "ఇటీవల ఒక సాంకేతిక పొరపాటు జరిగింది. ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే ప్రభువు వారిని ఆదరించును గాక." అంతే. నింద వేయడానికి దొరికిన పేరు క్షమాపణకు దొరకలేదు. తర్వాత సంఘం భోజనాల వంట పాత్రలు ఎవరు తోమాలో చెప్పాడు.

పిన్ని ఆ రోజు రాలేదు. బల్ల నుంచి తీసేసిన నాటి నుంచి రావడం లేదు. వెళ్లి చెప్పాను, అంతా పొరపాటని తేలిందని, నా ఫోనూ మీ ఇల్లే చూపించిందని, పెద్దాయనదీ అదే చూపించిందని. ఆవిడ నా ఫోను చేతిలోకి తీసుకుని పటం మీద తన సందును వేలితో తడిమింది.

"అందరూ మా ఇంట్లోనే ఉన్నారేటే," అంది. కాస్త నవ్వింది. "నాకయితే ఒకటే బెంగట్టుకుందమ్మా. నానే రాసేనేమో అనుకున్నాను. నా మనసులో అనుకున్నదే అక్కడ కనబడిపోనాదేమో అని. దేవుడు అలాగ సూపిస్తాడు గదా ఒక్కొక్కసారి."

ఇది విన్నాక పెద్దాయనను క్షమించమని ఎవరూ నాకు చెప్పకండి. ఒక మనిషిని బల్లకు దూరం చేయడం ఒకటి. ఆవిడ మనసును ఆవిడకే దొంగగా చూపించడం ఇంకొకటి.

"వచ్చే బల్ల ఆదివారం నా పక్కన కూర్చో పిన్నీ," అన్నాను. "పళ్లెం నేనే అందిస్తాను. ఎవరాపుతారో చూస్తాను."

"దెబ్బలాడ్డానికి వస్తున్నావేటి గుడికి? వద్దమ్మా. మరి, ఆ రాసినోలు ఎవులో తెలిసిందా?"

"తెలియలేదు. ఇక తెలియదు. అంకెలు తుడిచేశారు."

"మంచిదే. వాళ్ల కోసం ప్రార్థన చేసేరా?"

లేదని తల అడ్డంగా ఊపాను. పెద్దల గదిలో, మైకులో, మా ఇంట్లో, ఆ మనవి గురించి ఇన్నిసార్లు మాట్లాడుకున్నాం. అది అడిగినది ఒక్కటే. ఆ ఒక్కటీ ఎవరం చేయలేదు.

"అదేటమ్మా," అంది పిన్ని. తిట్టినట్టు కూడా అనలేదు.

బల్ల ఆదివారం వచ్చింది. పిన్ని నాకంటే ముందే వచ్చి తన పాత చోటులోనే కూర్చుంది. బల్లకు ముందు మా దగ్గర ఎవరైనా లేచి ప్రార్థన చేయవచ్చు. మామూలుగా పెద్దాయనే మొదలుపెడతాడు. ఆయన గొంతు సవరించుకునే లోపల పిన్ని లేచింది. ముసుగు సర్దుకుని, కళ్లు మూసుకుని, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"తండ్రీ, మాలో ఎవులికో నమ్మకం పోనాదట. నాకూ పోనాది ఒకసారి, నీకు తెలుసు. ఆలెవరో మాకు సెప్పకు, మాకు అక్కర్లేదు. ఆల దగ్గిరికి నువ్వే ఎల్లు. బేగి ఎల్లు."

అయ్యగారు పళ్లెం తీసుకుని వేదిక దిగి, మొదటి బెంచీకి కాకుండా నేరుగా పిన్ని దగ్గరకు వచ్చి తన చేత్తో అందించారు. పిన్ని తీసుకుంది. పెద్దాయన పాటల పుస్తకం చూస్తూ ఉండిపోయాడు. ఇవాళ్టి వరకూ ఆవిడతో ఆ మాట ఎత్తలేదు.

మనవుల పేజీ ఇప్పుడు లేదు. దుర్వినియోగం అవుతోందని పెద్దలు తీర్మానం చేసి తీసేశారు. నా వాక్యమూ దానితో పోయింది. పోవడమే మంచిది, అది అబద్ధమని తేలింది కదా. ఆ మనవి రాసిన మనిషి మాత్రం ఇంకా మా బెంచీల్లోనే ఎక్కడో కూర్చుంటున్నాడు, లేదా కూర్చుంటోంది. ఒకసారి నోరు తెరిచినందుకు తన బదులు ఒక ముసలావిడకు ఏం జరిగిందో పూర్తిగా చూసిన మనిషి. మళ్లీ ఎవరిని అడుగుతుంది?

అందుకే పళ్లెం తిరుగుతున్నప్పుడు నేను కళ్లు ఎత్తను. ఎవరి చెయ్యి తడబడుతుందో నాకు కనబడకూడదు. కళ్లు మూసుకుని, పేరు తెలియని ఆ మనిషి కోసం పిన్ని చేసిన ప్రార్థనే చేస్తాను. అది అయ్యాక పెద్దాయన కోసం కూడా చేయాలని తెలుసు. ఇంకా చేయలేదు.